అడిగితే లేవని మూల

మనవాడు పరిశోధనలో చేరగానే గోడకు అంటించిన మొదటి బొమ్మ విమాన ఇంజన్‌లోని ఇంధన నాజిల్‌ది. ఇరవై ముక్కలు అతికితే తప్ప తయారుకాని ఆ భాగాన్ని జీఈ కంపెనీ లోహపు పొడితో ఒకే ముక్కగా ముద్రించేసింది. తానూ అలాంటిదొకటి చేసి చూపిస్తానని మనవాడి పంతం. టైటానియం పొడి, ఆర్గాన్ వాయువు, లేజర్ కిరణం... ఈ మూడింట్లో ఏదో ఒకటి తగలకుండా అప్పట్లో అతని నోటి నుంచి వాక్యం వెలువడేది కాదు.

గైడ్ గారు ఓపికగా అంతా విన్నారు. విని, ల్యాబ్ మూలన దుమ్ము పట్టి ఉన్న ప్లాస్టిక్ 3డి ప్రింటర్ వైపు వేలు చూపించారు.

"ముందు దీని సంగతి చూడు బాబూ."

ఈ 'ముందు' అనే మాటను నమ్మి ఎంతమంది తమ పరిశోధన కాలమంతా గడిపేశారో లెక్క తీస్తే అదే ఒక సిద్ధాంత గ్రంథమవుతుంది.

ఆ యంత్రం పని చూడటానికి తేలికే. 1.75 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ తీగ పైనుంచి లోపలికి వెళుతుంది, కరుగుతుంది, నాజిల్ అనే మొనకున్న 0.4 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి సన్నగా బయటికి వస్తుంది, కింద బెడ్ అనే చదునైన పీఠం మీద పొర మీద పొరగా పేరుకుంటుంది. ఈ పద్ధతికి ఆద్యుడు స్కాట్ క్రంప్. 1980ల చివర్లో కూతురికి కప్ప బొమ్మ చేసిపెడదామని గ్లూ గన్ పట్టుకున్నప్పుడు ఆయనకు ఈ ఆలోచన తట్టిందంటారు. ఆ పేటెంట్ గడువు 2009లో ముగిశాక ఇలాంటి ప్రింటర్లు బల్లబల్లకూ చేరాయి. ఈ కథను మనవాడు ల్యాబ్‌కు వచ్చిన ప్రతివారికీ చెప్పేవాడు. వాళ్లు శ్రద్ధగా విని, "అయితే నాకొక ఫోను స్టాండు చేసిపెడతావా?" అనేవారు. లేత్ మెషిన్ దగ్గర నిలబడ్డవాణ్ణి ఎవరూ ఇలా అడగరు. 3డి ప్రింటర్ పక్కన కనబడితే మాత్రం ఎంతటి ఇంజినీరైనా బొమ్మలు చేసేవాడి కిందే లెక్క.

అసలు ముచ్చట ఒక రాత్రి జరిగింది. పరీక్షల కోసం ఏబీఎస్ ప్లాస్టిక్‌తో పొడవాటి పలక ముద్రించడానికి పెట్టి, మొదటి కొన్ని పొరలు చక్కగా పడటం చూసుకుని, మనవాడు నిశ్చింతగా వెళ్లి నిద్రపోయాడు. తెల్లవారేసరికి పలక బెడ్ మీద లేదు, బల్ల కింద ఉంది. యంత్రానికి కళ్లు లేవు కదా, ఉన్నదో ఊడిందో దానికేం తెలుసు! పలక లేచిపోయాక మిగిలిన పొరలన్నీ గాలిలోనే ముద్రించి, కాకిగూడు లాంటి దాన్నొకటి నిలబెట్టి, పని పూర్తయిందని తెర మీద సగర్వంగా ప్రకటించింది. జూనియర్ అప్పటికే దాన్ని నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి అందరికీ పంపేశాడు.

గైడ్ గారు వచ్చి చూసి ఒకటే ప్రశ్న వేశారు. "ఎందుకు లేచింది?"

మనవాడు రెచ్చిపోయాడు. దాదాపు 240 డిగ్రీల దగ్గర కరిగిన ప్లాస్టిక్ చల్లారుతూ కుంచించుకుపోతుందనీ, పై పొర కుంచించుకుంటూ కింది పొరను లోపలికి లాగుతుందనీ, ఆ లాగుడుకు ముందుగా లొంగేవి మూలలేననీ, మూల లేచాక నాజిల్ తగిలి ముక్క మొత్తం ఊడుతుందనీ బోర్డు మీద బొమ్మ గీసి మరీ వివరించాడు. టైటానియంలోనూ ఇదే తంతు. లేజర్ వేడికి కరిగి గట్టిపడే లోహంలో ఒత్తిళ్లు ఉండిపోయి మూల పైకి లేస్తే, పొడి పరిచే పట్టీ వచ్చి దానికి గుద్దుకుంటుంది. నష్టం పెద్దది, చప్పుడు కూడా పెద్దదే.

"బాగా చెప్పావు. ఇదే నీ పరిశోధనాంశం" అన్నారు గైడ్ గారు.

అంత బాగా చెప్పకుండా ఉండాల్సిందని మా అందరి అభిప్రాయం.

కుర్రవాడి అవస్థకు జాలిపడి గైడ్ గారే ప్రింటర్‌కు ఒక అద్దాల పెట్టె కూడా తెప్పించారు. లోపలి గాలి వెచ్చగా నిలిచింది. ప్లాస్టిక్ నెమ్మదిగా చల్లారసాగింది. ఆ రోజు నుంచి ఒక్క మూలా లేస్తే ఒట్టు! మూల ఎంత లేస్తుందో కొలవడమే పరిశోధన, మూలేమో లేవదు. పెట్టె తలుపు తీశాడు, లేవలేదు. ఫ్యాన్ పెట్టాడు, కాస్త కదిలినట్టే కదిలి మళ్లీ అతుక్కుంది. లోకంలో ప్రింటర్ ఉన్నవాళ్లందరూ ముక్క ఊడకుంటే చాలని మొక్కుకుంటుంటే, మనవాడు ఊడిరావమ్మా అని బతిమాలుకున్నాడు.

చివరికి ఒక సంగతి బయటపడింది. జూనియర్ పెట్టిన ముక్కలు మాత్రం హాయిగా లేస్తున్నాయి. కాపు కాసి చూస్తే తెలిసింది, ఆ అబ్బాయికి యంత్రం వేసే ముందు బెడ్‌ను బొటనవేలితో నొక్కి చూసే అలవాటు. ఎందుకని అడిగితే "ఊరికే" అన్నాడు. వేలి జిడ్డు ఉన్నచోట ప్లాస్టిక్ సరిగ్గా అంటదు. మనవాడు ఆల్కహాల్‌తో మెరిసేలా తుడిచి పెడుతుంటే, ఇతను మళ్లీ ముద్ర వేసి పోతున్నాడు.

అప్పటి నుంచి ల్యాబ్‌లో ఆ బొటనవేలికి దక్కిన గౌరవం గైడ్ గారికి కూడా దక్కలేదు. చేతులు కడుక్కుంటానంటే ఆపేవారు. కావలసిన మూల దగ్గరికి తీసుకెళ్లి, మెల్లగా నొక్కించి, పక్కకు తప్పించేవారు. మూలలు లేవసాగాయి, కొలతలు నిండసాగాయి.

సమీక్ష రోజున గైడ్ గారు నోట్‌బుక్ తెరిచారు. బెడ్ ఉష్ణోగ్రత, డిగ్రీల్లో. పెట్టెలో గాలి ఉష్ణోగ్రత, డిగ్రీల్లో. పొర మందం, మిల్లీమీటర్లలో. తర్వాతి గడి దగ్గర ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. దాని మీద 'బొటనవేలు' అని రాసి ఉంది.

"దీనికి యూనిట్ ఏమిటయ్యా?"

మనవాడు జూనియర్ వైపు చూశాడు. జూనియర్ రెండు చేతులూ జేబుల్లో దాచుకున్నాడు.