చక్రాల దొరగారికి, విశాఖ ఓడరేవు నుంచి

మహారాజశ్రీ ఇరవయ్యెనిమిది అంగుళాల సూట్‌కేసు గారికి,

క్రూజ్ అంటే సముద్రం, గాలి, డెక్కు మీద ఫొటోలు అనుకుని పిల్లాపాపలతో విశాఖలో ఓడెక్కేవాళ్లకి ఒక సంగతి తెలీదు. మొదటి రోజు పెళ్లికొడుకు మీరు. మిగతా అందరూ మీ వెనకొచ్చిన మగపెళ్లివారు.

పూర్వం మీకింత వైభోగం లేదు. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ ఓడంటే సుమారు 56 గంటలు. బంకు క్లాసులో పెట్టె కాళ్ల దగ్గరో తల కిందో పడుండేది, దువ్వెన కావాలంటే చెయ్యి చాపితే దొరికేది. ఇప్పుడు క్రూజ్ ఓడలొచ్చి, 2023లో వాటికంటూ టెర్మినల్ కూడా వెలిశాక మీ దారి వేరు, మనుషుల దారి వేరు. గుమ్మం దగ్గరే మిమ్మల్ని అప్పగించాలి. మోసేవాడు ఒకసారి ఎత్తి చూసి "ఏటి బావూ, ఇనప గుండ్లేటి ఇందులో?" అంటాడు, అంతే. అక్కణ్ణుంచి మీరు ఎక్స్‌రే మెషీన్లో దూరి, ఇనప బోనుల్లో డెక్కుల వారీగా చేరి, సామాన్ల లిఫ్టెక్కి, ఎప్పటికో కేబిన్ తలుపు ముందు దర్శనమిస్తారు. అది మధ్యాహ్నం మూడా, రాత్రి ఎనిమిదా అన్నది తమరి చిత్తం. వందల కేబిన్లు, కేబిన్‌కి రెండేసి పెట్టెలు, లిఫ్టులేమో రెండో మూడో. అంతకంటే త్వరగా ఎలా తెములుతుంది?

దానికి మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. ఆ ఐదారు గంటల్లో కావలసినవన్నీ ఏరికోరి మీ కడుపులోనే పెట్టుకుంటారు చూడండి, అక్కడుంది మీ ఘనత.

ముందు ఆధార్ కార్డులు. పోతాయేమోనని వాటిని మీ లోపలి జిప్పులో దాస్తారు. మీరు బెల్టు మీద అలా వెళ్లిపోతారు, కౌంటర్లో అమ్మాయి ఇలా అడుగుతుంది: "ఒరిజినల్ ఐడీలు చూపించండి." ఆ తర్వాత పిల్లల ఈత బట్టలు. పైన స్విమ్మింగ్ పూల్ కళ్లెదురుగా నీలంగా మెరుస్తుంటుంది, చిన్నాడు జీన్స్ ప్యాంటు పట్టుకుని ఏడుస్తుంటాడు. తాతగారి బీపీ మాత్రలు, మామ్మగారి ఇన్సులిన్, ఫోన్ ఛార్జర్లు, చదువుకునే కళ్లజోడు కూడా తమరి దగ్గరే. విశాఖ చెమటలో తడిసిన చొక్కాకి బదులు చొక్కా కూడా. వీటన్నిటికీ ఒక్క చేతిసంచి చాలు. మనిషికో జత బట్టలు, కాగితాలు, మందులు. కానీ చేతిసంచిలో చేగోడీలు పెట్టుకున్నారు కదా, చోటేదీ?

వాంతుల మాత్ర గురించి ప్రత్యేకంగా విన్నవించుకోవాలి. అవోమిన్ లాంటిది ఓడ ఊగడానికి గంట ముందే లోపలికి పోవాలి. బ్రేక్‌వాటర్, అంటే రేవులోకి అలలు రాకుండా ఆపే గోడ, దాని లోపల ఉన్నంతసేపూ నీళ్లు కుండలో నీళ్లలా ఉంటాయి, "మనకేం కాదు" అనిపిస్తుంది. గోడ దాటగానే నైరుతి రుతుపవనాల అల మొదలవుతుంది. కేబిన్ గోడలు కదలట్లేదని కళ్లు చెప్తాయి, కదులుతున్నాయని చెవి లోపలి తూకం చెప్తుంది. ఆ తగువు తీర్చలేక పొట్ట చేతులెత్తేస్తుంది. అప్పుడు మాత్ర దొరికినా, వేసుకున్నది కడుపులో నిలవదు. డెక్కు మధ్య భాగంలో నిలబడి దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీత చూస్తే కొంత నయం. చూడనిస్తారా మీరు? కేబిన్లో కూచుని మీ అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించాలాయె.

తమరి మెడలో పట్టీ ఇంకో ముచ్చట. కేబిన్ నంబరున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పిడికి చుట్టి, పైన వెడల్పాటి టేపేసి, రెండు పిన్నులు కొడితే నిలుస్తుంది. ఒక్క పిన్నుతో వేలాడేస్తే బోను ఊచకి తట్టుకుని ఊడుతుంది. పోయినేడాది విమానం పట్టీ తీయకుండా వదిలేస్తే ఏది నమ్మాలో ఎవరికీ తెలీదు. లోపల పైన ఒక చీటీ మీద పేరు, కేబిన్, ఫోను నంబరు రాసి పెట్టినవాళ్లు మాత్రం నిశ్చింతగా టీ తాగుతుంటారు.

కొందరు దొరలైతే అసలు రారు. లోపల ఇస్త్రీపెట్టె, కెటిల్, హారతి కర్పూరం, అగ్గిపెట్టె ఉంటే ఎక్స్‌రేలోనే దొరికిపోయి సెక్యూరిటీ గదిలో విడిది చేస్తారు. సముద్రం మీద నిప్పంటుకుంటే ఏ ఫైరింజనూ రాదు, గొట్టం పట్టుకోవలసింది ఆ సిబ్బందే. అందుకే వాళ్లకంత పట్టింపు. రాత్రి తొమ్మిదైనా తలుపు ముందు కనబడకపోతే కారిడార్లో పచార్లు మాని తిన్నగా అక్కడికి వెళ్లి చూడడం మేలు. హారతి కర్పూరం డబ్బా బల్ల మీద సాక్ష్యంగా ఉంటుంది.

తమరి అహం దెబ్బతినే ఘట్టం ఒకటుంది. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత: ప్రమాదమొస్తే ఎక్కడ చేరాలో నేర్పే డ్రిల్లు అది. వినగానే కేబిన్ కార్డు మీద రాసిన అక్షరం చూసుకుని ఆ చోటికి వెళ్లాలి. సామాను ముట్టుకోకూడదు! 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా రాతికి గుద్దుకునేసరికి, ఆ రోజే ఎక్కినవాళ్లకి డ్రిల్లు కాలేదు. అప్పటి నిబంధన 24 గంటల గడువిచ్చేది. 2015 జనవరి 1 నుంచి ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో పూర్తి చెయ్యాలి. అయినా "పెట్టె వస్తుందేమో, నువ్వు కేబిన్లోనే ఉండు" అని ఇంటికొకర్ని కాపలా పెడతారు. మైకులో ఆ కేబిన్ నంబరు నాలుగుసార్లు పిలిచాక వాళ్లూ వస్తారు, మొహం ముడుచుకుని.

ఇంతలో బయట ఓడ కదులుతుంటుంది. ఓడని లాగే టగ్గు బోట్లు పక్కకి తొలుగుతాయి. చర్చి, దర్గా, గుడి ఒక్కో కొండ మీద వెనక్కి జరుగుతాయి. డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ దీపం తిరగడం మొదలవుతుంది. గోడ దాటాక పైలట్ బోటు ఓడ పక్కకొచ్చి ఆనుకుని పరిగెత్తుతుంది. ఓడని రేవు దాటించిన పైలట్ తాడు నిచ్చెన దిగి, అల బోటుని పైకెత్తే క్షణం చూసుకుని దాని మీద కాలు పెడతాడు. టికెట్టు డబ్బులన్నీ ఆ ఒక్క అడుగుకే ఇవ్వొచ్చు. చూసేవాళ్లేరీ? కారిడార్లో తమరి స్వాగత సన్నాహాల్లో ఉన్నారు.

చివరగా ఒక్క మనవి. ఆఖరి రాత్రి పదకొండు ప్రాంతానికి మిమ్మల్ని మళ్లీ తలుపు బయట పెట్టమంటారు, తెల్లారి రేవులో గానీ కనబడరు. ఆ హడావుడిలో ఉన్న బట్టలన్నీ మింగేసి, ఇంటిల్లిపాదినీ నైటీలతో లుంగీలతో కాన్వెంట్ జంక్షన్‌లో ఆటో బేరమాడే గతి పట్టించకండి. ఒక చీర, ఒక ప్యాంటు బయట వదలండి.

ఇట్లు,
తమరి మీద మోకాలేసి జిప్పు లాగినవాళ్లు