సర్క్యూట్ మంచిదే, బలం సంగతి వేరు

సర్క్యూట్ ట్రైనింగ్ అనే వ్యాయామ పద్ధతి మీద వచ్చిన ఒక వ్యాసంలో 'అరగంట సర్క్యూట్ చేస్తే చాలు, విడిగా బరువులెత్తే పనిలేదు' అన్నారు. ఆ మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. 1953లో లీడ్స్ యూనివర్సిటీలో మోర్గాన్, ఆడమ్సన్ ఈ పద్ధతిని రూపొందించారు. 9 నుంచి 12 వ్యాయామాలు వెంటవెంటనే, మధ్యలో విశ్రాంతి దాదాపు లేకుండా చేయాలి. దమ్ము పెరుగుతుంది, టైమ్ కలిసొస్తుంది. కాదనను.

కానీ బలం పెరగాలంటే ఎత్తే బరువు పెరుగుతూ పోవాలి. అది జరగాలంటే సెట్‌కీ సెట్‌కీ (ఆగకుండా ఎత్తే ఒక్కో విడతకీ) మధ్య రెండు మూడు నిమిషాలు ఆగాలి. సర్క్యూట్‌లో ఆ వ్యవధే ఉండదు కదా.

నేను ఎనిమిది నెలలు సర్క్యూటే చేశాను. స్క్వాట్ (బరువుతో గుంజీలు) 30 కిలోల దగ్గరే ఆగిపోయింది. నాలుగో రౌండ్‌కొచ్చేసరికి తొడల్లో సత్తువ ఉన్నా ఊపిరి అందేది కాదు. మోకాళ్లు లోపలికి వాలిపోయేవి. కోచ్ మాత్రం స్టాప్‌వాచ్ చూస్తూ 'ఆగొద్దు సార్, ఆగొద్దు' అనేవాడు. అలసటలో ఒళ్లు ఎలా వంగుతోందో చూడకపోవడం చాలా ప్రమాదం, దయచేసి కొత్తవాళ్లు గమనించండి.

ఇప్పుడు వారానికి రెండు రోజులు బరువులే. సెట్‌కి ఐదేసి రెప్స్ (అంటే ఐదుసార్లు ఎత్తడం), మూడు నిమిషాల విశ్రాంతి, కుదిరినప్పుడల్లా రెండున్నర కిలోలు అదనం. అన్నీ చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటాను. నాలుగు నెలల్లో స్క్వాట్ 55 కిలోలకు వచ్చింది. మొన్న 26 కిలోల బియ్యం బస్తా మూడో అంతస్తుకి మధ్యలో దించకుండా మోశాను. శనివారం మాత్రం సర్క్యూట్ మానలేదు, మెట్లెక్కేటప్పుడు ఆయాసం రాలేదంటే అది దాని చలవే.