పట్వారీ సంచిని కాపాడుకుందాం

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పాత తోలు సామాన్లను ఎవరూ పట్టించుకోవడం లేదని కొందరు గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారు. ఈ అపవాదును తీవ్రంగా ఖండిస్తున్నాను. దేవరకొండలోనో కల్వకుర్తిలోనో ఏదైనా పాత భవంతికి వెళ్లి చూడండి. పట్టింపు మరీ ఎక్కువై చస్తున్నాయి అక్కడి తోలు సంచులు.

ఉదాహరణకు ఊరి భూమి లెక్కలు రాసిన పట్వారీ తాత సంచి. ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసినప్పుడు తాత ఉద్యోగం పోయింది గానీ సంచి పోలేదు. పహాణీలు, అంటే భూమి లెక్కల కాగితాలు, మోసి మోసి చివరికి అటకెక్కింది. మొన్నటిదాకా ఇంట్లోవాళ్లు దాన్ని 'ఆ దరిద్రం' అనేవాళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మనవడు దసరాకు వచ్చి కిందికి దించాక దాని హోదా 'హెరిటేజ్'కు పెరిగింది. అసలు కష్టాలు అప్పుడు మొదలయ్యాయి.

మొదటి వైద్యం కొబ్బరినూనె. జుట్టుకు మంచిదైంది తోలుకు చెడ్డదెట్లయితదని నాయనమ్మ తీర్పు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. తాగినంత నూనె తాగి సంచి నల్లబడింది, జిడ్డుకు దుమ్మంతా అంటుకుంది, కొన్నాళ్లకు ముక్కిన వాసన కూడా మొదలైంది. రెండో వైద్యం, భద్రత. నాలుగు నాఫ్తలిన్ గోలీలు వేసి ప్లాస్టిక్ కవర్‌లో బిగించి కట్టారు. లోపల తేమ, పైన నూనె, గాలి సున్నా. బూజుకు ఇంతకంటే మంచి అద్దె ఇల్లు జిల్లాలో దొరకదు.

ఎండాకాలంలో కవర్ విప్పి, ఆ బూజు చూసి, మూడో వైద్యంగా మిద్దె మీద ఎండబెట్టారు. నల్లగొండలో ఎండ 44, 45 డిగ్రీలు కొట్టే రోజులు, మనుషులు గడప దాటని మధ్యాహ్నాలు. సాయంత్రానికి సంచి ముడుచుకుపోయి పెళుసెక్కింది. పగుళ్లు కనబడకుండా బూట్ల పాలిష్ కొట్టారు. ఇంత సేవ తాతకు ఆయన బతికుండగా జరగలేదు.

ప్రభుత్వం ఈ విషయంలో కమిటీ వేసేలోపు ప్రజలకు నా మనవి. ముందు మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి. బూజు ఉంటే ఇంట్లో కాదు, బయట నీడలో దులపండి. తర్వాత గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి. ఏ క్రీమ్ అయినా ముందు కనబడని మూలన కొంచెం రాసి, ఒకరోజు ఆగి చూడండి. రాసేది పల్చగా, మిగిలింది తుడిచేయాలి. లోపల శుభ్రమైన నూలు గుడ్డ కుక్కితే ఆకారం నిలుస్తుంది. పాత పేపర్ కుక్కితే అందులోని సిరా, ఆమ్లం తోలుకు చేరతాయి. గాలి ఆడే నీడలో ఉంచండి. రాగి రివెట్ల చుట్టూ ఆకుపచ్చగా పేరుకునేది నూనె, రాగి కలిసి చేసిన పని, పొడి పుల్లతో గీకితే వస్తుంది. అంతే. ఇందులో నాయనమ్మ పాత్ర ఏమీ లేకపోవడం విచారకరం.

ఒక్క జబ్బుకు మాత్రం మందు లేదు. సంచిని ముట్టుకుంటే చేతికి ఎర్రటి పొడి అంటుతుంది. మనవడు దాన్ని తాత పాదధూళి అనుకున్నాడు. అది రెడ్ రాట్. చెట్టు చెక్కతో, అంటే బెరడుతో, పదును చేసిన పాత తోలులో, గాలిలోని గంధకపు పొగ చేరి ఆమ్లంగా మారి, నారను లోపలినుంచి తినేస్తుంది. పోయిన బలం తిరిగి రాదు. మ్యూజియాల్లో ఆల్కహాల్‌లో కరిగించిన సెల్యులోజ్ జిగురు పూసి పొడి రాలకుండా ఆపుతారు, అంతవరకే. నూనెగానీ నీళ్లుగానీ తగిలిస్తే నల్లగా గట్టిపడుతుంది, కాబట్టి పైన చెప్పిన తడిగుడ్డ, క్రీమ్ దీనికి వద్దు.

చెట్టు చెక్క అన్నాను కదా, మన దగ్గర అది ఎక్కువగా తంగేడు. రాష్ట్ర పుష్పం. ఆ చెట్టుకు దక్కిన మర్యాద గురించి కూడా ఒక మాట చెప్పాలి. పువ్వు బతుకమ్మ మీదికి పోయింది. చెక్క లందలోకి, అంటే తోలు ఊరేసే తొట్టిలోకి పోయింది. లంద ఊరి బయటికి పోయింది, అందులో చేతులు ముంచిన మాదిగ కుటుంబం కూడా. పచ్చి తోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క నీళ్లలో వారాల తరబడి ఊరేసి, తోలుకు తూట్లు పొడిచే ఆరె పట్టి కుట్టిన మనిషి పేరు సంచి మీద లేదు. తాత పేరు మాత్రం మూత లోపల రెండు చోట్ల ఉంది.

సంచి ఎంతకు కొన్నారో తెలుసుకుందామని మనవడు కాగితాలన్నీ తిరగేశాడు. పట్వారీ ఇంట్లో అన్నిటికీ రసీదులున్నాయి. బర్రెకు ఉంది, బావికి ఉంది, పక్కవాడి పొలానికి కూడా ఉంది. సంచికి లేదు. నిజాం కాలంలో దొరలకు, ఊరి అధికారులకు చెప్పులు, బావి నీళ్లు తోడే మోట బొక్కెనలు, సంచులు వెట్టి కింద వచ్చేవి. వెట్టికి రసీదు రాసే ఆచారం ఏ పట్వారీకీ లేదు.

మనవడు మాత్రం ఖర్చుకు వెనుకాడలేదు. పక్కనే పాలమూరు నిండా గొర్రెలుండగా, గొర్రె ఉన్ని కొవ్వు, తేనెమైనం కలిపిన చిన్న డబ్బాను రెండు వేలు పెట్టి విదేశం నుంచి తెప్పించాడు. పిడి కుట్లు ఊడితే దానితో అతుక్కోవని తెలిశాక, నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర చెట్టు కింద కూర్చునే పెద్దాయన దగ్గరికి పోయాడు. ఆయన సంచిని వాసన చూశాడు.

"తంగేడు తోలు సార్. దీనికి కొబ్బరినూనె ఎవలు పూసిండ్రు?"

"అది వదిలెయ్. కుట్టుడుకు ఎంత?"

"మైనం దారంతోటి రెండు సూదుల కుట్టు ఏస్త. నూట యాభై ఇయ్యుండ్రి."

"గిన్ని కుట్లకు నూట యాభయ్యా? ఎనభై తీస్కో పెద్దాయనా."

బేరం నూట పది దగ్గర తెగింది. ఆ సాయంత్రమే సంచి ఫొటో మనవడి స్టేటస్‌లో పడింది: 'మా తాత సంచి. చేతికుట్టు. అమూల్యం.'