ఒకే గూట్లో ఇద్దరు పెద్దమనుషులు

స్విట్జర్లాండ్‌లో గినీ పందిని, అంటే ఎలుకల జాతికి చెందిన ఆ చిన్న పెంపుడు ప్రాణిని, ఒంటరిగా పెంచడం నేరం. గుంపులో బతికే ప్రాణికి తోడు లేకపోవడం హింసేనని 2008 నాటి జంతు సంరక్షణ నిబంధనలు తేల్చాయి. ఉదాత్తమైన శాసనమే. ఆ వచ్చిన తోడు చెవి కొరికితే ఏం చేయాలన్నది మాత్రం ఇంటాయనకే వదిలేసినట్టుంది.

ఇంటాయన ఇద్దరు మగవాళ్లనే తెస్తాడు. ఆడ, మగ కలిపి తెస్తే రెండు నెలలు దాటగానే లెక్క మారిపోతుందని ఎవరో హెచ్చరించి ఉంటారు. ఒకే తల్లి బిడ్డలు కదా అని రాముడు, లక్ష్మణుడు అని పేర్లు పెడతాడు. మూడు నాలుగు నెలల వయసు దాకా అంతా సజావుగానే ఉంటుంది. ఆ తర్వాత యవ్వనం వస్తుంది. అన్నగారు నడుము ఊపుతూ, గొంతులో గుర్రుమంటూ గూడంతా ఊరేగుతాడు. తమ్ముడు వెంట్రుకలు నిక్కబొడుచుకుని పళ్లు టకటకలాడిస్తాడు. చాలాసార్లు ఇది పెత్తనం ఎవరిదో తేల్చుకునే చర్చ మాత్రమే. జాలిపడి మాటిమాటికీ విడదీస్తే, కలిపినప్పుడల్లా చర్చలు మొదటి నుంచి మొదలవుతాయి. రక్తం కారిందా, ఇక చర్చ ముగిసినట్టే. అప్పుడైనా మధ్యలో ఉత్త చేయి పెట్టకూడదు, తువ్వాలు వేసి విడదీయాలి. న్యాయం చెప్పబోయినవాడి వేలినీ ఆ పళ్లు వదలవు.

దీన్ని నివారించడానికి అనుభవజ్ఞులు చెప్పే నియమాలు అచ్చం ఆస్తి పంపకాల దస్తావేజులా ఉంటాయి. నీళ్ల సీసాలు రెండు. ఎండుగడ్డి రెండు చోట్ల. దాక్కునే ఇళ్లు రెండు, ఒక్కో ఇంటికి మళ్లీ రెండేసి తలుపులు. ఒకటే తలుపు ఉంటే, దానికి అడ్డంగా అన్నగారు కూర్చుంటాడు. స్థలం పది చదరపు అడుగులైనా కావాలి, ఎంత ఎక్కువైతే అంత శాంతి. దుకాణాల్లో అమ్మే గూళ్లు చాలావరకు అందులో సగం కూడా ఉండవు, పెట్టె మీద బొమ్మలో మాత్రం అందరూ నవ్వుతూ ఉంటారు. ఆడవాళ్ల వాసన ఆ గదిలోకే సోకకూడదు.

సర్ది చెబుతాడని మూడో మగవాణ్ణి తెచ్చే మహానుభావులూ ఉన్నారు. తరచూ జరిగేది, ఇద్దరు ఒకటై మూడోవాణ్ణి తరమడం. శస్త్రచికిత్స చేయిస్తే చల్లబడతారన్నది మరో ఆశ. దానివల్ల పిల్లలు పుట్టడం ఆగుతుంది గానీ పెత్తనం మీద మోజు తగ్గుతుందన్న భరోసా లేదు. మగవాడికి మర్యాద నేర్పేది పెంపకమేనని జర్మనీలో జంతు ప్రవర్తన శాస్త్రవేత్త నార్బర్ట్ జాక్సర్ బృందం పరిశోధనలు చూపించాయి. పెద్ద మగవాళ్లున్న గుంపులో పెరిగినవాడు కొత్తవాడితో సర్దుకుపోతాడు. ఒక్క ఆడతోడుతోనే గారాబంగా పెరిగినవాడు కనిపించిన ప్రతి మగవాడి మీదికీ వెళతాడు.

ఎంత చేసినా కుదరని జంటకు మధ్యలో తీగల జాలీ అడ్డం పెట్టడమే దారి. చూసుకోవచ్చు, వాసన చూసుకోవచ్చు, పలకరించుకోవచ్చు, కొరుక్కోవడం మాత్రం కుదరదు. ఈ ఏర్పాటును మన స్థిరాస్తి వ్యాపారులు తక్షణం అధ్యయనం చేయాలని మనవి. అన్నదమ్ములకు అమ్మే ప్రతి ఇంట్లో రెండు వంటిళ్లు, రెండు బోర్లు, ఒక్కో వాటాకు రెండేసి తలుపులు తప్పనిసరి చేయాలి. ప్రహరీ మాత్రం జాలీదే ఉండాలి. గడ్డి ఎవరిది వారే తెచ్చుకుంటారు.