సవరణ: శిలాస్మారకం 1972లో కాదు, 1970లో

కన్యాకుమారిలోని వివేకానంద శిలాస్మారకం 1972లో ప్రారంభమైందని, ఖర్చంతా ప్రభుత్వమే భరించిందని మొన్న రాశాను. రెండూ తప్పే. ఈ ఉదయం విశాఖ రామకృష్ణా బీచ్‌లో మా వీధి మాస్టారు నన్ను ఆపి, చేతికర్రతో తడి ఇసుకలో ‘1970’ అని రాసి చూపించారు. అల వచ్చి చెరిపేదాకా తల వంచుకుని నిలబడ్డాను.

1970 సెప్టెంబరు 2న దాన్ని ప్రారంభించింది రాష్ట్రపతి వి.వి.గిరి. మన తెలుగువాడినే మరిచాను, అదీ నా నిర్వాకం! 1972 జనవరి 7న, ఈ స్మారకం కట్టించడానికి పూనుకున్న ఏక్‌నాథ్ రానడే స్థాపించింది వివేకానంద కేంద్రం అనే సేవాసంస్థను; ఆ ఏడాదినే స్మారకానికి అంటగట్టాను. ఖర్చు సంగతికొస్తే, ప్రభుత్వాలు కొంత ఇచ్చినా, రానడే పట్టుబట్టి లక్షల మంది సామాన్యుల దగ్గర రూపాయి రూపాయి పోగుచేశారు. అంతకుముందు స్మారకానికి మద్దతుగా 323 మంది ఎంపీల సంతకాలు సేకరించిందీ ఆయనే. పాత టపాలో ఆ రెండు వాక్యాలూ మార్చాను.