పళ్ల క్లీనింగ్ అయిన మర్నాడే రక్తపరీక్ష వద్దు
చిగుళ్ల చికిత్సతో రోగనిరోధక కణాల ఉద్రేకం తగ్గుతుందన్న మాట నిజమే, కానీ వెంటనే కాదు. పంటి వేర్ల దాకా గీకినప్పుడు బ్యాక్టీరియా కాసేపు రక్తంలోకి చేరుతుంది. దాంతో మొదటి 24 గంటల్లో సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) పెరగొచ్చు. న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) నెమ్మదించడానికి వారాలు, నెలలు పడుతుంది. గుండె కవాటం మార్పించుకున్నవాళ్లు మాత్రం ఆ సంగతి పళ్ల డాక్టరుకు ముందే చెప్పి తీరాలి, యాంటీబయాటిక్ అవసరం పడుతుంది.

షుగర్ ఉన్నవాళ్లకు ఈ చికిత్స తర్వాత 3-4 నెలల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) సగటున 0.4 శాతం దాకా తగ్గుతుంది. చిన్న లాభమేం కాదు.

మన వరంగల్, జగిత్యాల వైపు బీడీలు తాగేవాళ్లు చిగుళ్ల నుంచి నెత్తురు రావట్లేదని నిశ్చింతగా ఉంటారు. పొగ ఆ నెత్తురును కనపడనీయదు, లోపల ఎముక కరుగుతూనే ఉంటుంది. చికిత్స అయిన 6-12 వారాలకు చిగుళ్ల సంచులను (పంటికీ చిగురుకూ మధ్య ఖాళీలను) మళ్లీ ప్రోబ్‌తో, అంటే కొలత గీతలున్న సన్నటి పుల్లతో, కొలిపించుకోండి. 4 మి.మీ. దాటిన సంచిలో నెత్తురు కనిపిస్తే చికిత్స అక్కడ ఇంకా పూర్తి కానట్టే.