సొమ్మొకరిది, సోకు సి గారిది

మహారాజశ్రీ సి అక్షరం గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా: ఉభయకుశలోపరి అని మొదలుపెట్టేవాడినే. కానీ మీవైపు ఉన్నంత కుశలం మావైపు లేదు.

మా మేనకోడలికి ఆరేళ్లు. దానికి ఇంగ్లీషు అక్షరాలు నేర్పే పని నా మీద పడింది. ఎ, బి వరకు బండి సాఫీగా నడిచింది. మీ వంతు రాగానే బొమ్మల పుస్తకం తెరిచి, "సి అంటే క. క్యాట్, కప్, కౌ" అన్నాను. పిల్ల కాసేపు నా ముఖం వైపు చూసి, "మామయ్యా, క అనేవాడు తన పేరు సి అని ఎందుకు చెప్పాడు?" అంది.

బి పేరులో బ ఉంది. డి పేరులో డ ఉంది. కె తన క ను పేరులోనే పెట్టుకుని తిరుగుతుంది. (హెచ్, డబ్ల్యూల పేర్ల సంగతి నాకూ తెలుసు. డబ్ల్యూ గారికి వేరే ఉత్తరం రాస్తాను.) మీ పేరులో వినపడే స ఎస్ గారి సొత్తు. బొమ్మల పుస్తకంలో మీరు చేసే క కె గారి సొత్తు. "మరి దీని సొంతది ఏది?" అని పిల్ల అడిగేసరికి నేను మంచినీళ్ల కోసమని లేచాను. మూడు రోజుల తర్వాత గాని తిరిగి ఆ బల్ల దగ్గరికి రాలేదు. ఆ మూడు రోజులూ నిఘంటువుల్లో మీ జాతకం చూస్తూ గడిపాను.

మీకు వేషాలెన్నో! క్యాట్‌లో క, సిటీలో స. హెచ్‌ను పక్కన కూర్చోబెట్టుకుంటే చెయిర్‌లో చ, కోరస్‌లో క, షెఫ్‌లో ష. చెల్లో అనే వాయిద్యం దగ్గర హెచ్ సాయం కూడా అక్కర్లేకుండా చ. రష్యా చక్రవర్తి జార్‌ను సి, జెడ్‌లతో రాసినప్పుడైతే మీరు అసలు నోరే విప్పరు. రాజు ఎదుట మాట పెగలలేదనుకోవాలి. మీ వెనుక ఇ, ఐ, వై వస్తే మీరు స అంటారు. ఎ, ఓ, యు వస్తే క అంటారు. ఏ ఎండకా గొడుగు పట్టడమంటే ఇదే. సైకిల్ అన్న మాటలో మీరు రెండుసార్లు కనిపిస్తారు, ఒకచోట స, ఒకచోట క. సర్కస్‌లోనూ అంతే, పేరుకు తగిన పని. పోనీ ఈ గొడుగు నియమానికైనా కట్టుబడతారా అంటే, యూరపులోని ప్రాచీన కెల్టిక్ జాతుల దగ్గర ఇ ముందు నిలబడి క అంటారు, అదే మాటను ఫుట్‌బాల్ జట్టు పేరుగా పెట్టుకుంటే సెల్టిక్ అంటారు.

ఇది మీ వంశంలోనే ఉందేమోనని వెనక్కి వెళ్లాను. గ్రీకుల వర్ణమాలలో మీది ఇదే మూడో స్థానం, పేరు గామా, శబ్దం గ. అంతకు ముందు సెమిటిక్ లిపుల్లో మీ పేరు గిమెల్. దాని అర్థం ఒంటె అని కొందరు, విసిరే కర్ర అని కొందరు అంటారు. ఏదైనా వంకర మాత్రం ఖాయం. ఇటలీలో రోమన్ల పొరుగునే ఉన్న ప్రాచీన జాతి ఎట్రుస్కన్‌ల చేతిలో పడ్డాక మీ కథ మారింది. వాళ్ల భాషలో క, గ అనే తేడా లేదు. గ గా వెళ్లిన మీరు క గా బయటికి వచ్చారు. రోమన్లు మిమ్మల్ని ఆ రెంటికీ వాడి, తికమక భరించలేక, క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో మీకే ఒక చిన్న గీత తగిలించి జి అనే అక్షరాన్ని పుట్టించారు. ఆ పని చేసింది స్పూరియస్ కార్విలియస్ అనే బడిపంతులని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. కొడుకులాంటి జి మీ పిత్రార్జితమైన గ ను పట్టుకుపోయి ఏడో ఇంట్లో వేరు కాపురం పెట్టాడు. అయినా మీకు పట్టు వదల్లేదు. గైయుస్ అనే పేరును రోమన్లు ఆ తర్వాత కూడా పొడి అక్షరంగా మీతోనే రాశారు.

న్యాయంగా చెప్పాలంటే, ఒక కాలంలో మీరు నిలకడగానే ఉన్నారు. రోమ్ వైభవంగా ఉన్న రోజుల్లో మీరు ఎక్కడ కనిపించినా క. మనం సిసెరో అని పిలిచే మహావక్త తనను కికెరో అనే చెప్పుకున్నాడు. సీజర్ అసలు పలుకు కైసర్. జర్మన్ల కైజర్ అందులోంచి వచ్చిందే. ఆ తర్వాత జనం నాలుకలు మెత్తబడ్డాయి, మీరూ మెత్తబడ్డారు. ఇటలీలో చ అయ్యారు, ఫ్రాన్సులో స అయ్యారు.

ఇంగ్లండులో మీరు చేసిన నిర్వాకానికి మాత్రం విడిగా నిలదీయాలి. పాత ఇంగ్లీషులో రాజు, రాణి ఇద్దరూ మీ ఇంట్లోనే ఉండేవారు. కింగ్, క్వీన్ రెండూ సి తోనే మొదలయ్యేవి. వంటిల్లు (కిచెన్), ముద్దు (కిస్), కత్తి (నైఫ్), మోకాలు (నీ), వీరుడు (నైట్), చివరికి తెలివి (నో) కూడా మీ పద్దులోనే ఉండేవి. 1066లో ఫ్రాన్సు నుంచి నార్మన్లు దండెత్తి వచ్చారు. వాళ్ల వెంట వచ్చిన ఫ్రెంచి అలవాటు లేఖకులకు ఇ, ఐ ముందు మీరు కనపడితే స అనడమే తెలుసు. చుట్టం అనే అర్థంలో కిన్ అన్న మాటను మీతో రాస్తే వాళ్లు సిన్ అని చదివి, చుట్టాన్ని పాపం చేసేస్తారు. (కొన్ని కుటుంబాల్లో అది తప్పు కాకపోవచ్చు.) అందుకని రాతలో సర్దుబాట్లు జరిగాయి. రాజు కె పంచన చేరాడు. రాణి క్యు పంచన చేరింది. ఇప్పటికీ నిఘంటువులో దంపతుల మధ్య అన్ని వందల పుటల దూరం. కత్తి, మోకాలు, వీరుడు కూడా కె వెంట వెళ్లారు. తర్వాత ఆ క శబ్దమే జనం నోట అరిగిపోయింది, పాపం కె అక్కడ ఉట్టి కాపలాదారుగా మిగిలింది. మేనకోడలు "నైఫ్ ముందు కె ఎందుకు?" అని అడిగిన రోజున నేను చెప్పబోయే సమాధానం కూడా మీ మీదకే వస్తుంది.

పోయినదానికి బదులుగా మీరు చేజిక్కించుకున్నదేమిటి? నిప్పు ఆరిన బూడిదముద్దను సిండర్ అంటారు. అది అచ్చమైన ఇంగ్లీషు మాట, ఎస్ తో మొదలయ్యేది. బూడిదకు ఫ్రెంచిలో సి తో మొదలయ్యే సాండ్ర్ అనే మాట ఉంది. ఆ రెంటికీ చుట్టరికం లేదు. పోలిక ఉందన్న నెపంతో మీరు ఎస్‌ను పక్కకు నెట్టి అక్కడ కూర్చున్నారు. రాజును పోగొట్టుకుని బూడిద తెచ్చుకున్నవాళ్లను నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇక మీ పదాల అర్థాల సంగతి. క్లీవ్ అంటే చీల్చడం. క్లీవ్ అంటే అంటిపెట్టుకుని ఉండడం కూడా. పుట్టుకతో ఇవి రెండు వేర్వేరు క్రియలు. కాలక్రమంలో రెంటి రూపాలూ అరిగి ఒక్కటయ్యాయి. భార్యాభర్తలు క్లీవ్ చేస్తున్నారంటే పెళ్లి విందుకు వెళ్లాలా, విడాకుల వకీలు దగ్గరికా? అంతటితో ఆగారా? చీల్చే క్లీవ్‌కు భూతకాలంలో క్లోవ్, క్లెఫ్ట్, క్లీవ్డ్ అని మూడు రూపాలు. పశువు గిట్ట చీలితే క్లోవెన్ అనాలి. పసిబిడ్డ అంగిలి చీలితే క్లెఫ్ట్ అనాలి. ఈ పంపకం ఏ పంచాయితీలో జరిగిందో!

ఒక మాటకు మూడు రూపాలు ఇచ్చిన మీరే, ఇంకోచోట ఒక్క రూపం విదల్చడానికి పిసినారితనం చూపిస్తారు. కట్ అంటే కోస్తాను, కట్ అంటే కోశాను. విసరడం అనే కాస్ట్‌దీ అదే తీరు. పైగా ఆ ఒక్క మాటతోనే వల విసరాలి, ఓటు వేయాలి, లోహం పోత పోయాలి, విరిగిన చేతికి కట్టు వేయాలి, నాటకంలో పాత్రలు పంచాలి. ఖర్చు కావడం అనే కాస్ట్ వేరే మాట, దాని భూతకాలం కూడా కాస్టే. అయితే గుమాస్తా కూర్చుని ఒక పనికి ఎంతవుతుందో అంచనా కట్టి ఉంటే మాత్రం కాస్టెడ్ అనాలట. డబ్బు పోయినప్పుడు లేని భూతకాలం, లెక్క వేసినప్పుడు వచ్చింది.

చైల్డ్‌కు బహువచనం చిల్డ్రన్. పాత ఇంగ్లీషులో చివర ర చేరిన బహువచనం ఒకటి అప్పటికే ఉంది. అది చాలదన్నట్టు దాని మీద ఇంకో బహువచనపు తోక తగిలించారు. పిల్లలు అనడానికి బదులు పిల్లలులు అన్నట్టు. చెర్రీ దగ్గర ఇది తలకిందులైంది. నార్మన్ల నోట ఒక్క పండునే చెరీజ్ అనేవారు. ఇంగ్లీషువాళ్లు ఆ చివరి శబ్దాన్ని బహువచనం అనుకుని కోసేసి, చెర్రీ అనే ఏకవచనాన్ని సృష్టించారు. సైనిక దళాన్ని కోర్ అంటారు. రాతలో చివర పి, ఎస్ ఉంటాయి, రెండూ మూగవే. చాలా దళాలైతే? రాత అదే, ఒక్క అక్షరం కదలదు. పలకడంలో మాత్రం కోర్జ్ అని మూగ నోరు తెరుచుకుంటుంది.

కెన్‌కు భూతకాలమైన కుడ్‌లో ఎల్ ఉంది. దాన్ని ఎవరూ పలకరు, ఎన్నడూ పలకలేదు. వుడ్, షుడ్ ఇళ్లలో ఎల్ ఉందని చూసి, పిలవని పేరంటానికి వచ్చినట్టు ఇక్కడికీ వచ్చింది. బృందగానం చేసే క్వైర్‌ను జనం చక్కగా క్యు తోనే రాసుకునేవారు. 17వ శతాబ్దం చివర్లో లాటిన్ మోజున సి, హెచ్ తెచ్చి ముందు తగిలించారు. పలుకు మారలేదు. క్వ అనే శబ్దాన్ని అక్కడ ఏ అక్షరం పలుకుతోందో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు. మన పత్రికలన్నీ కల్నల్ అని రాస్తాయి, రాతను నమ్మి. ఇంగ్లీషువాళ్లు రాసేది ఇటాలియన్ తరహాలో ఎల్ తో, పలికేది పాత ఫ్రెంచి తరహాలో ర తో, కర్నల్ అని. అన్ని పతకాలు పెట్టుకున్న అధికారికి పేరులో ఏ అక్షరం పలకాలో తేలలేదు.

ఇంతగా తిడుతున్నా, రెండో రోజు రాత్రి ఒకచోట మాత్రం నేను పుస్తకం మూయలేకపోయాను. లాటిన్‌లో తలను కాపుట్ అంటారు. ఆ ఒక్క తలలోంచి మీరు తీసిన సంతానం చూడండి. రాజధాని, పెట్టుబడి అనే రెండర్థాల క్యాపిటల్, నాయకుడైన చీఫ్, దళపతి కెప్టెన్, పుస్తకంలో అధ్యాయమైన చాప్టర్. వంటవాడైన షెఫ్, నాయకుడైన చీఫ్ ఒకే ఫ్రెంచి మాట, వేర్వేరు శతాబ్దాల్లో రెండుసార్లు దిగుమతి అయింది. పశువులనే క్యాటిల్, చరాస్తి అనే చాటెల్ కూడా ఈ ఇంటివే. నార్మన్లు క అన్నారు, పారిస్ వాళ్లు చ అన్నారు, ఇంగ్లీషువాళ్లు రెండు చేతులా తీసుకున్నారు. పట్టుకోవడమనే క్యాచ్, తరమడమనే చేజ్ కూడా ఇలాంటి కవలలే. నార్మన్లకు దొరికింది, పారిస్ వాళ్లు ఇంకా తరుముతున్నారు. గడియారమైన క్లాక్, పైవస్త్రమైన క్లోక్ రెండూ గంట అనే అర్థమున్న మధ్యయుగపు లాటిన్ మాట నుంచి వచ్చాయి. ఒకటి గంట కొడుతుంది కనుక, ఇంకోటి తొడిగితే గంటలా కనిపిస్తుంది కనుక. కంప్యూటర్ అంటే మూడు వందల ఏళ్లపాటు కూర్చుని లెక్కలు వేసే మనిషి. ఎన్నికల క్యాండిడేట్ అంటే సుద్దతో తెల్లగా మెరిపించిన బట్టలు కట్టుకున్నవాడు. రోమ్‌లో ఓట్లు అడగడానికి అలా వెళ్లేవారు. ఈ ఒక్క దానికి నేను నవ్వుకున్నాను గాని, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

మిమ్మల్ని కొలువులోంచి తీసేయాలన్న ఆలోచన నాకు కొత్తగా వచ్చింది కాదు. 1640లో అచ్చయిన తన ఇంగ్లీషు వ్యాకరణంలో నాటకకర్త బెన్ జాన్సన్, మన పూర్వికులు ఈ అక్షరం లేకుండా హాయిగా గడుపుకోగలిగేవారన్న ధోరణిలో రాశాడు. 1768లో అమెరికా మేధావి బెంజమిన్ ఫ్రాంక్లిన్ కొత్త వర్ణమాల ఒకటి తయారుచేసి ఆరు అక్షరాలకు ఉద్వాసన చెప్పాడు. ఆ జాబితాలో మీరున్నారు. వర్ణమాల వాడుకలోకి రాలేదు, మీరు ఉండిపోయారు. ఉండడమే కాదు, పదవులు కూడా కూడబెట్టారు. రోమన్ అంకెల్లో నూరు మీరు. రసాయనశాస్త్రంలో కార్బన్ మీరు. సెకనుకు 29,97,92,458 మీటర్లు పరుగెత్తే కాంతివేగానికి గుర్తు కూడా మీరే. సొంత శబ్దం లేనివారికి కాంతిని ఎవరు అప్పగించారండీ?

మూడో రోజు నేనూ ఒక ప్రయత్నం చేశాను. తెల్లకాగితం మీద మీ పదాలన్నీ కె కి, ఎస్ కి పంచడం మొదలుపెట్టాను. క్యాట్ కె కి, సిటీ ఎస్ కి. పది నిమిషాలు మహా ఆనందంగా సాగింది. తర్వాత జైలు గది అయిన సెల్‌ను ఎస్ కి ఇస్తే అది వెళ్లి అమ్మకమైన సెల్‌లో కలిసిపోయింది. సెంట్ నాణెం వెళ్లి, పంపించాను అనే సెంట్‌లో కలిసిపోయింది. క్రిటిక్ దగ్గర పూర్తిగా చిక్కుకున్నాను. విమర్శకుడు క్రిటిక్, చివర మీరు క. విమర్శించడం క్రిటిసైజ్, అక్కడే మీరు స. కె కి, ఎస్ కి పంచితే విమర్శకుడు ఒక ఊరిలో, అతని విమర్శ ఇంకో ఊరిలో. మీ రెండు నాలుకల వల్లే ఆ ఇద్దరూ చూడగానే ఒకే ఇంటివాళ్లని తెలుస్తున్నారు. నాకు ఇది నచ్చలేదు. కాగితం చింపేశాను.

మేనకోడలు మాత్రం నా కోసం ఆగలేదు. నోటు పుస్తకంలో పిల్లి బొమ్మ వేసి, కింద కె తో క్యాట్ అని రాసుకుంది. తప్పని చెప్పాలి. రేపు చెబుతాను.

ఇట్లు,
మీ వల్ల మూడు రోజులు అజ్ఞాతవాసం చేసిన ఒక మామయ్య

తా.క.: కవరు మీద మీ చిరునామా ఎలా రాయాలో తేలలేదు. కె గారి ఇల్లు, ఎస్ గారి ఇల్లు రెండూ రాశాను. ఈ వేళ ఎక్కడ అద్దెకుంటే అక్కడ అందుకోగలరు.